రొట్టె పక్కన కాలిన మూత

ఓడీల్‌కి,

పెళ్ళి జరిగింది, నేను క్షేమం. పెళ్ళికూతురిని, అదే మా తమ్ముడి కూతురు సిడొనీని, చర్చికి తీసుకెళ్తుంటే మన కారు వరదనీళ్ళు దాటి, ఒడ్డెక్కి ఆగిపోయింది.

"పెదనాన్నా, ఈ డొక్కు ఎక్కాను, నాదే బుద్ధి తక్కువ!" అని సిడొనీ ఏడుపు.

బానెట్ తెరిచి చూస్తే, ఇంజనుకి నిప్పురవ్వలు పంచే మూత నిండా నీళ్ళే. మీ నాన్న మందు గ్లాసు కూడా ఎప్పుడూ అంత నిండుగా ఉండేది కాదు. రోడ్డు పక్కనే ఉన్న ఇంట్లో ఒకావిడ ఓవెన్‌లో మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. మూతనీ కాసేపు అందులో పెట్టమన్నాను.

"దీనికీ వెన్న రాయనా తాతా?" అంది.

రొట్టె పొంగేలోపు మూత ఆరింది. బండి ఒక్క తిప్పుకే లేచింది! ఫాదర్ అంగీ గుండీలు పెట్టుకుంటుండగానే చేరాం.

నల్లకోడి పొదిగిందా? పాత ఇనుమువాణ్ణి రావద్దను. ఈసారి కారు ఆగితే వాడికి అమ్మేద్దామన్నావు. ఆగింది, కానీ పెళ్ళి చేయించి మరీ వస్తోంది.

ప్రభువు నొప్పెడుతున్న నీ మోకాలిని చల్లగా చూడాలి.

నీ టెలెస్ఫోర్