నలభై ఏడో ఉత్తరం

ఫుల్డా, 9 అక్టోబరు 1944

నా ఆర్నుల్ఫ్‌కి,

మీ నలభై ఎనిమిదో ఉత్తరం అందింది. నలభై ఏడు రాలేదు. కిందటి యుద్ధంలో, వెర్డన్‌లో మీరు లెఫ్టినెంటుగా ఉన్ననాటి నుంచి ఉత్తరాలకు ఏటా ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటున్నాం. పోలండ్ నుంచీ, రష్యా మంచులోంచీ కూడా ఒక్కటీ తప్పిపోలేదు. ఇప్పుడు జనరల్ గారి ఉత్తరమే పోతుందా? పైగా "కిందటి ఉత్తరంలో చెప్పినట్టు వెంటనే చెయ్యి" అంటారు. ఏం చెయ్యమన్నారండీ?

నా అనుమానమంతా మీ చెల్లెలు వాల్‌బుర్గా మీదే. పార్టీ మహిళా సంఘంలో ఆవిడ మాటకు ఎదురులేదు. కాఫీ పోస్తూ "అన్నయ్య ఏం రాశాడు వదినా? గెలుస్తామనేనా?" అని నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంది. ఇంట్లో పామును పెట్టుకున్నట్టుంది నాకు.

రేపు తపాలా కార్యాలయంలో ఫిర్యాదు రాసిస్తాను. మన దేశంలో ప్రతి కాగితానికీ ఒక రిజిస్టరు ఉంటుంది. దొరక్క ఎక్కడికి పోతుంది?

మీ ఇర్మ్‌గార్ట్

14 అక్టోబరు

ఆర్నుల్ఫ్,

మీ చలికోటు కోసం వచ్చిన మీ డ్రైవరు కుంజే చేతికి, కోటు అస్తరులో కుట్టి, ఇది ఇస్తున్నాను. నలభై ఏడు తెచ్చింది కూడా అతనేనట.

నా ఫిర్యాదు చూసి రహస్య పోలీసులు ఇద్దరు వచ్చారు. "నలభై ఏడు తపాలాలో పడనే లేదమ్మా. తనిఖీ తప్పించుకుని జనరల్ గారు ఏం పంపారు?" అన్నారు.

వాళ్లు వెళ్లాక వాల్‌బుర్గా నన్ను వంటింట్లోకి లాగింది. "కుంజే ఆ ఉత్తరం నా చేతికిచ్చాడు, నేనే కాల్చేశాను వదినా! తన సైన్యం ఉన్న ఊరు కాల్పుల్లేకుండా అమెరికన్లకు అప్పగిస్తాననీ, నువ్వు పిల్లలతో స్విట్జర్లాండు పొమ్మనీ రాశాడు. అది ఎవరి కంటైనా పడితే అన్నయ్యను ఉరి తీయరా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొహాన ఏదీ దాగదు కదే, పిచ్చిదానా! పిల్లల్ని నేనే దాటిద్దామని పాసుల కోసం తిరుగుతున్నాను. ఇంతలో నువ్వు ఫిర్యాదు రాసిచ్చి కూర్చున్నావు!"

పాము అన్నాను ఆమెను. మీ మెడకు ఉరి బిగించింది మాత్రం నేనే, నా చేతులారా. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఇప్పుడు మా గుమ్మం ముందు కాపలా ఉంది. మిమ్మల్ని సమావేశమని బెర్లిన్‌కు పిలుస్తారు. వెళ్లకండి. అనుకున్నట్టే ఊరు అప్పగించండి, అక్కడి జనమైనా బతుకుతారు. మీకు బదులు మా ముగ్గురినీ పట్టుకుపోతారు, తెలుసు. పిల్లలకు చెప్పాను. చిన్నది ఏడ్చింది, పెద్దది పెట్టె సర్దుకుంటోంది.

రెండు యుద్ధాల్లోనూ ప్రతి ఉత్తరం చివరా త్వరగా ఇంటికి రమ్మనే రాశాను. ఈసారి రావద్దు.

ఇర్మ్‌గార్ట్