రాదోయ్ వదిలిపోయిన పన్నెండు మాటలు

బెర్కోవిత్సా, బల్గేరియా

నాయనా లుచెజార్, దీవెనలు.

మీ రాదోయ్ మావయ్య పోయి నలభై రోజులైంది. ఆచారం ప్రకారం గోధుమలు ఉడికించి పంచాను. ఆయన సొరుగులో పన్నెండు మాటల కవిత దొరికింది. ఇంగ్లీషులో ఉంటే పంతులమ్మ అర్థం చెప్పింది: నది, కంచె, చెంచా, పావురం, చలికాలం... ఇన్నేళ్ల కాపురంలో నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషి, పోతూ కవిత రాశారు. ఏడుపు ఆగలేదు. ఆయన ఫోటో కింద ఆ కవితే అచ్చు వేయించి, నల్ల అంచు సంతాప కాగితాలు మన గుమ్మానికీ, రొట్టెల కొట్టుకీ, బస్టాపుకీ అంటించాను. నీకూ ఒకటి పంపుతున్నాను.

ఇంకో వింత. ఆయన ఫోనులోని క్రిప్టో వాలెట్ నుంచి నిన్న యాభై లెవాల డబ్బు ఎవరికో వెళ్లింది. నేను పంపలేదు. నలభై రోజులు ఆత్మ ఇక్కడిక్కడే తిరుగుతుందంటారు కదా.

ఫోను చెయ్యకు. ఆ డబ్బు గురించి ఫోనులో అడిగేవాడు దొంగేనని, తెలిసిన గొంతైనా పెట్టెయ్యమని ఆయన మరీ మరీ చెప్పారు.

అత్త స్తోయ్నా

తా.క. బతికుండగా నాకు కాఫీ కూడా కొనివ్వలేదు. ఇప్పుడు ఎవరికి కొనిస్తున్నారో కనుక్కో.


సోఫియా నగరం

అత్తయ్యకు నమస్కారాలు.

ఎన్నిసార్లు చేసినా ఫోను పెట్టేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. అది కవిత కాదు. ఆ వాలెట్‌కు తాళంచెవి. మాటలు యంత్రం ఏరింది, మావయ్య కాగితం మీద ఎక్కించుకున్నారంతే. అవి చదివిన ఎవడైనా డబ్బు తీసుకోగలడు. యాభై లెవాలు తీసింది దొంగ. ముందు కొంచెం లాగి చూస్తారు.

ఆ తాళం మార్చడం కుదరదు. కొత్త వాలెట్ తెరిచి మిగిలింది అందులోకి మార్చాల్సిందే. అది నేను చూసుకుంటాను. పాతదాంట్లో ఇక పైసా వెయ్యకండి. కాగితాలు చింపెయ్యండి. పోయింది తెచ్చిపెడతామని ఎవరొచ్చినా నమ్మకండి.

లుచెజార్

తా.క. దయచేసి నా గొంతు నమ్మండి.


బెర్కోవిత్సా

నాయనా,

నీ ఉత్తరం వచ్చేసరికి వాలెట్ సున్నా అయింది. కాగితాలు పీకుతుంటే రొట్టెల కొట్టు ఆవిడ అడ్డం పడింది. ఆ కవిత చదివి రోజూ ఏడుస్తోందట. పోలీసుల దగ్గరికి వెళ్లాను. మాటలు ఎవరికి తెలుసన్నారు. ఊరంతటికీ అన్నాను. ఇలాంటి పనులు చేతనైనవాళ్లు ఎవరన్నారు. నీ పేరు చెప్పాను.

డబ్బు పోతే పోయింది. అవి ఆయన మాటలు కావన్నావే, అదే నాకు మింగుడు పడటం లేదు.

అత్త

తా.క. ఇక్కడి పోలీసులు నీ దగ్గరికొస్తే మర్యాదగా కూర్చోబెట్టు. మావయ్య స్నేహితుడి పిల్లలే.


సోఫియా

అత్తయ్యా,

వచ్చారు. కూర్చోబెట్టాను. వాలెట్ ఖాళీ చేసింది నేనేనని చెబితే లేచి నిలబడ్డారు. మీకు ఉత్తరం రాసి, మీరు పంపిన కాగితంలోని మాటలతో అప్పుడే కొత్త వాలెట్‌లోకి మార్చేశాను. అప్పటికే మూడో వంతు దొంగ పట్టుకుపోయాడు. అది ఇక రాదు. మిగిలింది భద్రం. కొత్త మాటలు ఆదివారం నేనే తెచ్చి చేతికిస్తాను.

ఒక్క పని చెయ్యండి. ఆయన ఫోనులో పాత వాలెట్ తెరిచి పైన చూడండి. అక్కడ పేరు పెట్టుకునే చోటుంటుంది. అది యంత్రం రాయదు, మనిషే రాసుకోవాలి.

లుచెజార్


బెర్కోవిత్సా

లుచెజార్,

చూశాను. "స్తోయ్నా చలికాలం కట్టెల కోసం ఎవర్నీ అడగకూడదు" అని ఉంది. పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. ఇంత ప్రేమ పెట్టుకుని నోరు విప్పని మనిషిని ఏమనాలి.

అత్త

తా.క. డబ్బు సంగతి తర్వాత. ఆదివారం వచ్చినప్పుడు ముందు ఈ ఫోను ఎప్పటికీ ఆరిపోకుండా ఎలా ఉంచాలో నేర్పు.