రేట్ల పలక మీద పాస్‌వర్డ్

2009 జూలై, శుక్రవారం. బూర్గంపాడు.

మధ్యాహ్నం సిమెంటు కొట్లో కునుకు తీస్తుంటే ఖమ్మం నెట్ సెంటర్ నుంచి బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, లే. గిరాకీ వచ్చిండు."

నిన్న తనే కొని కొట్లో బిగించిన నెట్ కెమెరాలో నన్ను చూస్తున్నాడట.

"నీకెట్ల కనపడుతున్న?"

"కెమెరా డబ్బా మీదున్న పాస్‌వర్డే కొట్టిన. ఎవడు కొట్టినా తెరుచుకుంటది. జల్దీ మార్చు."

నా గురక ఇంకెంతమంది చూశారో. వెంటనే కొట్లోని కంప్యూటర్లో మార్చాను. మరిచిపోకూడనివన్నీ రాసుకునే రేట్ల పలక మీద, సిమెంటు ధర కింద, పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

మళ్లీ ఫోన్.

"బావా, ముందే తెరిచిన గద, నా దగ్గర బొమ్మ ఇంకా నడుస్తుంది. పలక గూడ కనపడుతుంది. రాత మంచిగుంది."

కెమెరా మీద తువ్వాలు కప్పి ఇంటికొచ్చాను. ఇక దొంగ వచ్చినా కనపడడు. రేపు మధ్యాహ్నం నేను పడుకున్నా కనపడను.