పొట్టేలు మెడమీది గడ్డ

కర్నూలు, గురువారం, ఇషా నమాజు తర్వాత

గొర్రెలకొచ్చే చిటుకు రోగానికి టీకా వేయించిన చోట పొట్టేలు మెడమీద నిమ్మకాయంత గడ్డ లేచింది. బక్రీదుకు మా ఆయన పేరున ఇవ్వాల్సిన జీవం అది. చనిపోయే ముందు ఆయనే సంతలో ఎంచి తెచ్చారు. లోపమున్నది కుర్బానీకి చెల్లదేమోనని పొద్దున పశువుల ఆసుపత్రికి తోలుకుపోయాను.

డాక్టరమ్మ నవ్వింది. "భయపడాకు చాచీ. ఈ కొత్తరకం టీకాలో ఇంకో సూక్ష్మజీవి ప్రొటీను రవ్వంత కలిపింటారు. అది రోగం తేదు. దొంగలొచ్చినారని కేకేస్తాది, అంతే. ఆ కేక లేకుంటే ఒళ్లు టీకాను సరిగా పట్టించుకోదు. కాపలా కణాలన్నీ ఆడికి ఉరికొచ్చినందుకే ఈ వాపు. మేత తింటాండాదా?"

"నాకంటే బాగా తింటాండాది."

మధ్యాహ్నం తమ్ముడు మసీదులో ఇమాం హజ్రత్‌ను అడిగొచ్చాడు. "జబ్బు కాదు కాబట్టి చెల్తాదన్నారు ఆపా. ఇంక నిమ్మళంగా ఉండు."

అల్‌హందులిల్లా అన్నాను. నోటితోనే అన్నాను. నిమ్మళమూ రాలేదు, అంతకుముందు దిగులూ లేదు. ఆయన జనాజా గడప దాటిన రోజునుంచీ ఇంతే. ఏడువమ్మా అని ఆడవాళ్లు వీపు నిమిరినా కన్నీళ్లు రాలేదు. మొగుడు పోయినామె గడప దాటకుండా ఉండాల్సిన ఇద్దత్తు నెలలు కూడా గడిచిపోయాయి. దువాకు చేతులెత్తితే మాటలు వస్తాయి, మనసు రాదు. అల్లా దీన్ని తప్పుగా రాసుకుంటాడేమో.

సాయంత్రం ఆ గడ్డమీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. పొట్టేలు నొప్పికి మెడ విదిల్చి, మళ్లీ గడ్డి నమిలింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

బక్రీదునాడు ఆయన పేరు నేనే పైకి చెప్పాలి. అప్పుడన్నా మనసు వస్తుందేమో...