బిట్టి సీటు కాదు, గెలిచిన సీటు

బెంగుళూరు, బళేపేట

పెద్దన్నకు నీ తమ్ముడు నరసప్ప నమస్కారాలు. నేనూ, నీ మరదలు సావిత్రీ, మన అమ్మాయి సులోచనా బాగున్నాము. నీ మోకాళ్ళ నొప్పి, వదిన దగ్గు ఎట్లా ఉన్నాయో విడివిడిగా రాయి. "అందరూ కుశలమే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మను.

ఇక్కడ ముసురు వదలడం లేదు. ప్రెస్సులో అక్షరాలు పేర్చి పేర్చి సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తిండికి లోటు లేదు, దిగులు పడవద్దు. సంగటి దొరుకుతుంది, వదిన చేతి చెనిక్కాయల పొడి మాత్రం దొరకదు. ఎవరైనా వస్తుంటే పంపించు. ఆదివారం వస్తే వాదించడానికి నీవు లేక నోరు చప్పబడిపోతుంది.

ఇక అసలు సంగతి. సులోచన బి.ఎస్సీ. చదవాలంటే యూనివర్సిటీవారు ఫీజంతా మాఫీ చేసే మెరిట్ స్కాలర్‌షిప్ రావాలి. రాకపోతే చదువు ఇంటర్‌తో సరి. "ఆడపిల్లను ధర్మానికి చదివిస్తావా? మన ఇంటి మర్యాద ఏం కావాలి?" అని రాశావు. పెద్దవాడివని ఊరుకోను అన్నా! ధర్మం ఆకలి చూసి పెట్టేది. ఇది తెలివి చూసి ఇచ్చేది. బండలాగే పందెంలో గెలిచిన ఎద్దుకు దండ వేస్తే దాన్ని బిచ్చమంటామా?

దరఖాస్తు ఇవ్వడానికి తండ్రీకూతుళ్ళం వెళ్ళాము. గుమాస్తా కన్నడంవాడు. "ఏమప్పా, బిట్టి సీటుకా?" అన్నాడు. నాకది "వెట్టి" అని వినబడింది. దొరలు మకాముకు వస్తే నాయన కూలి లేకుండా మూటలు మోసిన రోజులు కళ్ళముందు నిలిచాయి.

"మా నాయన చేసిందే చాలు! నా బిడ్డ ఎవడికీ వెట్టి చెయ్యదు!" అని ఎగిరిపడ్డాను.

గుమాస్తా కలం జారవిడిచాడు. సులోచన నా చొక్కా పట్టి లాగింది.

"వెట్టి గాదు నాయనా, బిట్టి. ఊరికే వచ్చేదాన్ని కన్నడంలో అట్లంటారు."

"ఊరికేనా? అది ఇంకా తప్పు! నువ్వు కండ్లు పోయేట్టు చదివింది ఊరికేనా?"

"తప్పాయ్తు స్వామీ, మెరిట్ సీటే!" అని గుమాస్తా చేతులు జోడించాడు. "కాగితం ఇయ్యప్పా, ఎనక జనం ఉండారు."

పోయిన వారం ఇంటర్వ్యూకు పిలిచారు. నేను వరండాలో, తలుపు పక్కనే నిలబడ్డాను. లోపల ముగ్గురు పెద్దమనుషులు. అందులో ఒకాయన నా కరపత్రాలు చదివినట్టున్నాడు.

"మీ నాయన సర్కారును దుమ్మెత్తి పోస్తాడు. ఆ సర్కారు సొమ్ముతోనే నువ్వు చదువుతావా?" అన్నాడు.

నా రాతలే దాని చదువుకు అడ్డం పడ్డాయనుకున్నాను. లోపలికి దూరి ఆయనకు నాలుగు జవాబులు చెబుదామని అడుగు వేశాను. అంతలో సులోచన గొంతు వినబడింది.

"తిట్టేది మా నాయన సార్. పరీక్ష రాసింది నేను."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ పైన రసాయనశాస్త్రం తప్ప మరేమీ అడగలేదు.

నిన్న కబురు వచ్చింది. స్కాలర్‌షిప్ దానికే ఇచ్చారు!

ఎన్ని సభలెక్కి అరిచానన్నా! అంత చిన్న మాటతో ఒక్కడి నోరైనా మూయించలేకపోయాను. నేను లోపలికి పోయుంటే అంతా చెడగొట్టేవాణ్ణి. నిన్నటినుంచి ప్రెస్సులో కనబడినవాడికల్లా ఇదే చెబుతున్నాను.

నాకు దీవెనల మీద నమ్మకం లేదని నీకు తెలుసు. దానికి ఉంది, పెదనాయన దీవెన కావాలంటుంది. వదినకూ, చిన్నమ్మకూ మా ముగ్గురి దండాలు చెప్పు. జాబు తప్పక రాయి. కవరు మీద మాత్రం నా పేరు వద్దు, సులోచన పేరే రాయి.

నీ తమ్ముడు
నరసప్ప