గొడుగు మరిచిపోయినాయన

చెరుకువారిపల్లి,
జూన్ 2006

నా చిట్టి దొర అమరుకు,

మీ తాత దీవించి రాసేది. మన బాలసుబ్రమణ్యం టీ అంగడికి కొత్త గ్లాసులు తెచ్చినాడురా. అడుగు సూస్తే బొటనవేలంత మందం. పైనుంచి సూస్తే నిండా ఉన్నట్టే ఉంటాది, రెండు గుక్కలకే అయిపోతాది. నేను ఊరుకుంటానా? అందురూ సూస్తా ఉండంగా గ్లాసు తలకిందులు చేసి, "టీ యాడుందప్పా, గాజు నమలమంటావా?" అనడిగినా. "అద్దాలు మార్చుకో మామా, కనపడతాది" అన్నాడు. ఆయప్పని నమ్మొద్దు. గ్లాసులో మోసం చేసేవాడు మాటలో చెయ్యడా?

మిల్లు మూసేసినాక నీకు పని లేనందుకు నిరుద్యోగ భృతి ఇస్తారంటనే, మీ అమ్మ రాసింది. పని చెయ్యకపోతే దుడ్లా! నేను పుట్టినప్పట్నుంచీ అదే చేస్తా ఉండా, నాకొక్కడూ ఇయ్యలేదే అంటే మీ అవ్వ అట్లకాడ ఎత్తింది. వచ్చిందా ఆ దుడ్డు?

మీ అవ్వ నీకు చొక్కా గుడ్డ తీసి పెట్టింది. ఎందుకని అడగొద్దు. మీ అమ్మను పట్టుచీర ఎండకు ఆరేసుకోమను. అంతకంటే చెప్పను, దిష్టి తగులుతాది.

నీ తాత
చిన్నబ్బ
(సంతకం బాగుండాదా? కోడి గీకినట్టు ఉండాదంటాది మీ అవ్వ.)


తిరుపతి

ప్రియమైన తాతకు,

నమస్కారాలు. భృతి రాలేదు తాతా. మిల్లులో నాతో పనిచేసిన వాళ్ళందరికీ వచ్చింది, నాదొక్కటే ఆపేశారు. భృతి ఇచ్చే కార్మికుల ఇన్సూరెన్సు ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "ఏమయ్యా, సూళ్లూరుపేటలో సూపర్వైజరుగా చేస్తా, చేతికింద ఇరవై మందిని పెట్టుకుని, పని లేదని ఈడొచ్చి క్యూలో నిలబడతావా?" అన్నాడు. వెనక ఉన్న వాళ్ళంతా నవ్వారు.

సూళ్లూరుపేటను నేను రైలు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. మిల్లు రిజిస్టరులో నా విలాసం మన ఊరిదే ఉంది గదా, అక్కడికి వచ్చి విచారించారట. ఊళ్ళో వాళ్ళే చెప్పారట. ఎవరంటే పేరు చెప్పరు.

డబ్బు మాట అట్లుంచు. ఇది తేలేదాకా, అదే ఆఫీసు ఇచ్చిన అమ్మ ఆస్పత్రి కార్డు కూడా నిలిపేశారు. ఆమె గుండె మాత్రలు ఈ నెలాఖరు దాకా వస్తాయి, ఆ తర్వాత బయట కొనే శక్తి నాకు లేదు. మనమంటే గిట్టని వాళ్ళెవరు తాతా? నమ్మొద్దని నువ్వే రాశావే, టీ అంగడి మామేనా?

నీ మనవడు
అమర్‌నాథ్


చెరుకువారిపల్లి

నా బంగారు కొండ అమరుకు,

నీ జాబు సదివినప్పట్నుంచీ ముద్ద దిగలే. ఊర్లో ఎవురిని సూసినా దొంగ మొగంగానే ఉండాది. తాయమ్మను అడిగితే "నాకెందుకప్పా" అని పేడతట్ట ఎత్తుకోని పరిగెత్తె. పరిగెత్తేదెందుకు? పోస్టుమాను నీ జాబు ఇస్తా నవ్వినాడు. నవ్వేదెందుకు? మీ అవ్వను కూడా నిలేసి అడిగినా. "సూళ్లూరుపేట యా దిక్కునుండాదో నాకు తెలీదు, నీకే తెలుసు" అనె. ఆ మాట నాకు నచ్చలే.

బాలసుబ్రమణ్యం అంగట్లో దినమంతా కూర్చోని చెవులు రిక్కించినా. కడాకు ఆయప్పే నా దగ్గరికొచ్చి, "మామా, ఆ దినం నువ్వే గదా..." అని ఏదో ఎత్తుకున్నాడు. నాకు పొలంలో పని గుర్తొచ్చి లేచి వచ్చేసినా.

అది సరే గానీ, విచారణకు వచ్చినాయన ఎట్లుంటాడురా? నామం పెడతాడా? చంకలో సంచి ఉండాదా? గొడుగుతో తిరగతా ఉండాడా, గొడుగు లేకుండా తిరగతా ఉండాడా? నాకేం పని లేదు, ఊరికే అడగతా ఉండా. తిరిగి జాబులో రాయి.

నీ తాత
చిన్నబ్బ


తిరుపతి

తాతా,

ఆయన పేరు సుదర్శనం. నామం పెడతాడు, చంకలో సంచి ఉంటుంది. గొడుగు లేదు. మన ఊళ్ళో ఎవరో కొట్టేశారని ఆఫీసంతా చెప్పుకుంటున్నాడు. "మనుషులు బంగారమయ్యా. పిల్లోడి గురించి అడిగితే టీ ఇప్పించినారు, అరటిపండ్లు చేతిలో పెట్టినారు, గొడుగు మాత్రం మింగేసినారు" అంటాడు. ఆ గొడుగు సంగతి నీకెట్లా తెలుసు?

మొన్న కోపం పట్టలేక టీ అంగడికి ఫోన్ చేసి మామను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "మీ తాతను అడుగప్పా" అని పెట్టేశాడు.

అమ్మ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటోంది, నేను చూడనప్పుడు. నాకు నిజం కావాలి.

అమర్‌నాథ్


చెరుకువారిపల్లి

నాయనా అమరూ,

తిట్టాలంటే జాబు అయిపోయినాక తిట్టు.

ఆ దినం ఆయన టీ అంగడి ముందర నిలబడి, "చిన్నబ్బగారి మనవడు అమర్‌నాథ్ ఏం చేస్తా ఉంటాడు? ఇంట్లో ఎవరెవరు? సంపాదన ఎట్లా?" అనడిగె. నువ్వే చెప్పు, మన పక్క పెండ్లికాని పిల్లోని గురించి అట్ల అడిగేవాడు ఎవుడు? నామం, సంచి, గొడుగు! పెండ్లి సంబంధాలు తెచ్చే అయ్యవారనుకుంటిమి. పని పోయినోడికి పిల్లనెవురిస్తారు? అందుకని సూళ్లూరుపేట అంటిని. సూపర్వైజరు అంటిని. ఆయన తల ఊపతా ఉంటే నాకు హుషారొచ్చి ఇరవై మందిని కూడా ఇస్తిని. ఇంకొంచేపు కూర్చోనుంటే జీపు కూడా ఇచ్చేవాణ్ణి. తాయమ్మ పిలవకనే వచ్చి "మా పిల్లోడు మందు ముట్టడు సామీ" అనె. మీ అవ్వ అరటిపండ్లు తెచ్చి, ఆయన పోయినాక నీకు చొక్కా గుడ్డ తీసె.

బాలసుబ్రమణ్యం ఒక్కడే, "మిల్లు మూసేసినారు సామీ, పిల్లోడు ఖాళీగా ఉండాడు, తల్లికి బాగలేదు" అనె. సంబంధం చెడగొడతా ఉండాడని బల్లకింద కాలు తొక్కితి. ఆ మంటతోనే నీకు గ్లాసుల మీద రాసినా. ఊర్లో నిజం చెప్పినోడు ఆయప్పొక్కడే, నీ చేత తిట్టించిందీ ఆయప్పనే. నీ తొలి జాబులో ఇరవై మంది అని సదివినప్పుడే నాకు ఎరుకైంది. చెప్పే దానికి నోరు రాలే.

మీ అమ్మ మాత్రలు విరస్తా ఉండాదని రాస్తివే, అది సదివినాక ఇంట్లో నిలవలేకపోతి. నిన్న తెల్లారంగానే ఆయప్ప దగ్గరికి పొయ్యి, "అప్పా, ఆ దినం చెప్పిన మాట తిరుపతికొచ్చి ఇంకొక తూరి చెప్పు" అని అడిగినా. అంగడి మూసేసి నా వెనకాల బస్సెక్కినాడు. బస్సులో నాకూ ఆయప్పే టికెట్టు తీసినాడు, ఒక్క మాట దెప్పలే. దెప్పింటే బాగుండు.

సుదర్శనం అయ్యగారు అంతా విని, కండ్లజోడు తీసి తుడుచుకోని, "అయితే మీ వాడికి పనీ లేదు, నా దగ్గర పిల్లా లేదు" అని పగలబడి నవ్వె. ఇద్దరి మాటా రాయించుకున్నాడు. ఈ జాబు నీకు చేరేటప్పటికి అమ్మ కార్డు మళ్ళీ చెల్లతా ఉంటాది, భృతి దాని వెనకాలే వస్తాదంట. అమ్మను మాత్ర పూర్తిగా మింగమను. మీ వీధి మొదుట్లోకి వచ్చి కూడా మొగం చెల్లక తిరుక్కోని వచ్చేసినా.

మామకు ఫోను చేసి కాళ్ళు పట్టుకో. నేను ఒక కాలు పట్టుకున్నా, రెండోది నీకు మిగిల్చినా.

ఇంకొకటి. గొడుగు అయ్యగారికి ఇచ్చేసినా. టీ అంగడి అటకమీద దొరికిందని చెప్పినా, అది నిజమే. అటకమీద పెట్టింది మాత్రం నేను. గొడుగు కోసరమైనా పెండ్లిమాట తీసుకోని మళ్ళీ వస్తాడని, ఆయన అరటిపండు వలుస్తా ఉండంగా దాచేసినా. ఇది బాలసుబ్రమణ్యానికి మాత్రం తెలియనీయొద్దురా. గ్లాసుల అడుగు ఇంకా మందం చేస్తాడు.

నీ అబద్ధాల తాత
చిన్నబ్బ