ఊరంతటికీ ఒకే జాలీ

వనపర్తి,
19 నవంబరు 1989.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారికి,

"ప్రమాదం జరిగినప్పుడు మేము ఆమోదించిన జాలీ ఎక్కడుంది?" అని నోటీసులో అడిగారు. చెబుతాను.

మా పల్లీల మిల్లులో బెల్టుకు అడ్డంగా ఏటా మీరు చూసి సంతకం పెట్టిన ఆ ఇనప జాలీ మాది కాదు. ఈ ఊరి ఐదు మిల్లులకూ అదొక్కటే. మీరొచ్చే రోజు రిక్షాలో తెచ్చుకుంటాం, మీరు వెళ్లగానే ఇంకో మిల్లుకు పంపుతాం. దాని ఒక మూల వంగి ఉంటుంది. ఆ వంకరను మీరు ఐదు చోట్లా చూశారు, ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడాది పాత యంత్రానికి పెద్ద మోటారు పెట్టాను. బెల్టు వేగం చూసి నాకే భయమేసి, సొంతంగా గట్టి జాలీ చేయించి బిగించాను. మీ ఆఫీసు పాస్ చేసిన మిల్లు నక్షాలో లేదని మీరు దాన్ని విప్పించారు. కొత్త నక్షా పై ఆఫీసులో పాసయ్యేదాకా పాతదే పెట్టమన్నారు. పాతది మాది కాదని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. వాకిట్లో రైతుల బస్తాలున్నాయని మిల్లూ ఆపలేదు. ఆ పాపం నాదే.

పదో తేదీ మధ్యాహ్నం, పన్నెండేళ్లుగా ఆ యంత్రం నడుపుతున్న కురుమయ్య కుడిచెయ్యి బెల్టులో పోయింది. ఆ గంటలో మీరు ఆమోదించిన జాలీ కొత్తకోట దారిలోని మిల్లులో, మీ కళ్లెదుటే ఉంది. అక్కడ పెట్టిన సంతకం కింద తేదీ చూసుకోండి.

దవాఖానలో కురుమయ్యకు ఇదంతా చెప్పాను. కట్టు వంక చూసుకుని, "గా దినం సారు మన మిల్లుకొచ్చింటే నా చెయ్యి ఉంటుండె, సేటూ" అన్నాడు.

ఇంతే నా జవాబు.

మిల్లు యజమాని